ఢిల్లీ నుంచి రేఖ అన్న వచ్చేదాకా

కొండాపూర్ పాత ఊళ్ళో ఆడమనిషి ఎవరు పోయినా మొదటి కబురు చంద్రమ్మకే వెళ్ళేది. డప్పులవాళ్ళను పిలవడం, పాడెకు వెదురు తేవడం అన్నీ ఆ తర్వాతే. ఆమె వచ్చి తలుపు మూసి, పోయిన మనిషికి చివరి స్నానం పోసి, ఒళ్ళంతా పసుపు రాసి, తల దువ్వి, చీర చుట్టి, మళ్ళీ తలుపు తీసేదాకా మగవాళ్ళు ఆ గది గడప తొక్కకూడదు. ఈ పని ఆమెకు అత్త చేతి నుంచి వచ్చింది. దీనికి ఎవరూ కూలి ఇవ్వరు, ఆమె అడగదు. తక్కిన రోజుల్లో పొద్దున్నే బస్సెక్కి హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడకు పోయి, కింది అంతస్తు క్యాంటీన్‌లో గిన్నెలు తోమేది.

ఆ మేడ ఉన్నచోట ఒకప్పుడు పెద్ద పెద్ద బండలుండేవి. ఆమె భర్త ఈశ్వరయ్య ఆ బండలకు తూట్లు పొడిచి మందు కూరేవాడు. పేలదనుకున్న మందు ఒకరోజు పేలింది. అతన్ని దుప్పట్లో మూటగట్టి తెచ్చారు. చూడొద్దని ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని ఆపితే, చంద్రమ్మ ఒకామె చెయ్యి కొరికి, విదిలించుకుని పోయి మూట విప్పింది. మగవాళ్ళకు మగవాళ్ళే స్నానం పోస్తారు. ఆ మూటకు మాత్రం ఆమే పోసింది. అప్పటినుంచి శవమంటే ఆమెకు భయం లేకుండా పోయింది. బతికున్నవాళ్ళంటే మాత్రం ఉండేది.

ఆమె పనికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. పెళ్ళయిన ఆడదాని శవానికి తల్లిగారింటి చీర రానిదే నీళ్ళు పోయదు. పుట్టిననాడు ఒంటి మీద పడ్డ మొదటి గుడ్డ తల్లిగారిది, చివరి గుడ్డ కూడా వాళ్ళదే కావాలి. అందుకని అన్నో తమ్ముడో ఎంత దూరాన ఉన్నా వచ్చేదాకా శవం ఆగవలసిందే. రెండోది, తలుపు వెనక చూసింది తలుపు బయట చెప్పదు. వాతలు చూసింది. విరిగి వంకరగా అతుక్కున్న ఎముకలు చూసింది. "సచ్చినామె సిగ్గు నా చేతులల్లనే ఉంటది" అనేది, అంతే.

అలా ఆపీ ఆపీ, ఊళ్ళ మధ్య దూరాలు ఆమెకు మంచుదిమ్మల లెక్కన తెలిశాయి. పాలమూరు నుంచి రావాలంటే మంచు అక్కర్లేదు, తడిగుడ్డ చాలు. షోలాపూర్ అయితే ఊకలో పెట్టిన దిమ్మలు రెండు. బొంబాయి అయితే నాలుగు, ఒక రాత్రంతా ఒకరు కాపలా. ఇప్పుడు కరెంటుతో నడిచే అద్దాల పెట్టెలు వచ్చాయి గానీ, ఆమె మనసులో లెక్క మారలేదు. ఢిల్లీ నుంచి రావలసిన వాళ్ళు మాత్రం ఇంతవరకూ ఆమె చేతికి తగల్లేదు. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ అని విని ఉంది. దానికెన్ని దిమ్మలో ఎప్పుడూ ఆలోచించలేదు.

రేఖ పోయింది ఎండలు ముదిరాక.

రేఖది సంగారెడ్డి అవతల పల్లె. తల్లీ తండ్రీ లేరు, ఉన్నది ఒక్క అన్న, మైసయ్య. అతను ఇక్కడి మేడలకే తాళ్ళమీద వేలాడుతూ అద్దాలు బిగించడం నేర్చి, అదే పనిమీద ఢిల్లీ పోయాడు. పోయేముందు చెల్లెల్ని నితీష్‌కిచ్చి చేశాడు. నితీష్‌వి నీళ్ళ ట్యాంకర్లు. నాలుగంతస్తుల మేడ కట్టి, పైన సాఫ్ట్‌వేర్ పిల్లలకు కిరాయికిచ్చి, కింద తల్లి సీతాబాయితో ఉండేవాడు. అతను తాగకుండా కూడా కొడతాడని ఊళ్ళో వింతగా చెప్పుకునేవాళ్ళు. ట్యాంకర్ ఆలస్యమైందని ఏ అపార్ట్‌మెంటు మనిషో ఫోన్లో తిడితే, అతనితో అండీ అండీ అని మాట్లాడి, ఫోన్ పెట్టేసి లేచొచ్చి రేఖను కొట్టేవాడు. పిల్లలు కాలేదన్న కోపంతో సీతాబాయి అడ్డుపడేది కాదు. టీవీ శబ్దం పెంచేది. ఒకనాడు రేఖ ఫోన్ గోడకేసి కొట్టాడు. అప్పటినుంచి రేఖ బట్టలారేసే వంకన మేడెక్కి, రెండో అంతస్తులో ఉండే కడప పిల్ల హరిత ఫోన్ నుంచి అన్నతో మాట్లాడేది.

ఆ పొద్దున చంద్రమ్మ పనికి బయలుదేరుతుంటే నితీష్ ట్యాంకర్ డ్రైవర్ వచ్చి పిలిచాడు.

"మా కోడలు బాత్రూంల జారి పడ్డదే వదినె," అంది సీతాబాయి గడపలో కూర్చుని. "తల పగిలింది. దవాఖానకు తీస్కపోదామనేలోపల్నే పోయింది." కొంగు కళ్ళకు అద్దుకుంది గానీ కొంగు పొడిగానే ఉంది. "జల్ది కానియ్యి. పొద్దెక్కకముందే ఎత్తాలంటున్నడు మా అన్న."

ఆ అన్న ఐలయ్య, కులపెద్ద. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"తల్లిగారికి చెప్పిండ్రా మామా?" అని అడిగింది చంద్రమ్మ.

"ఇగో, చెప్తున్న. అందరు ఇనాలె." ఐలయ్య ఫోన్ నొక్కి స్పీకర్‌లో పెట్టాడు. వాకిట్లో ఉన్నవాళ్ళంతా దగ్గరికి జరిగారు. "మైసయ్యా, నేను ఐలయ్య మామను. దిల్ గట్టిగ జేస్కో. చెల్లె పోయింది."

అవతల ఏదో ఇనుము మోగుతున్న చప్పుడు.

"ఏమైంది మామా," అన్నాడు మైసయ్య.

"జారి పడ్డది. నువ్వేమో ఢిల్లీల ఉంటివి. ఇప్పుడు రైలెక్కినా రేపు గాని దిగవు. ఎండ సూస్తున్నవ్ గద, శవమాగదు. చెయ్యాల్సింది మేం చేస్తం. నువ్వు నిమ్మళంగ దినాలకు రా."

"వస్తున్న మామా. నేను వచ్చేదాక ముట్టుకోకుండ్రి."

"అరె, జర ఇను..."

ఫోన్ కట్టయింది. ఐలయ్య అందరి మొహాలూ చూశాడు. "చెప్పినమా లేదా? వస్తనన్నడు. ఎట్లస్తడు?"

"ఢిల్లీ అంటే లింగంపల్లి అనుకుంటుండేమో, లోకల్ రైలెక్కి దిగెటందుకు," అన్నాడు ట్యాంకర్ డ్రైవర్. ఇద్దరు ముగ్గురు నవ్వారు. చావింట్లో నవ్వుతున్నామని గుర్తొచ్చి ఆగారు. తల్లిగారికి కబురు చెప్పడం మర్యాద. వాళ్ళు రాలేకపోవడం వాళ్ళ రాత. ఐలయ్య ధైర్యమంతా ఆ ఢిల్లీ దూరంలోనే ఉంది.

రేఖను వెనకగదిలో చాపమీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. చంద్రమ్మ తలుపు గొళ్ళెం పెట్టి, మొదట తల తడిమింది. పగల్లేదు. వెంట్రుకలకు నెత్తురు లేదు, తడీ లేదు. బాత్రూంలో జారిపడ్డ మనిషి జుట్టు నూనెతో అంటుకుని పొడిగా ఉంది.

రవికె విప్పింది. గొంతుకు ఒకవైపు ఒకే మచ్చ, రెండోవైపు వరసగా నాలుగు, వేళ్ళు దిగినంత లోతుగా. పొట్టమీద చెప్పు మడమ అచ్చు నల్లగా కమిలి ఉంది. పక్కటెముకల మీద చెయ్యి పెడితే లోపల కరకరమన్నాయి. కుడిచేతి గోళ్ళు మూడు విరిగాయి. మిగిలినవాటి కింద ఎవరిదో చర్మం ఇరుక్కుని ఉంది. పిల్ల ఊరికే చావలేదు. గీరింది, రక్కింది, ఎదురు తిరిగింది.

కుంకుడుకాయ నీళ్ళ బకెట్ పక్కనే ఉంది. చంద్రమ్మ చెంబు ముంచి ఎత్తి, మళ్ళీ దించేసింది. నీళ్ళు పోస్తే గోళ్ళకిందిది కొట్టుకుపోతుంది. పసుపు రాస్తే గొంతుమీద మచ్చలు కనపడవు. చీర చుడితే పొట్ట దాగుతుంది. మధ్యాహ్నానికి అంతా బూడిద. తన పనితో ఎవరికి మేలు జరుగుతున్నదో ఆమెకు అప్పుడు తెలిసింది.

దుప్పటి కప్పి బయటికొచ్చి, "తల్లిగారింటి చీర రాలే. నేను నీళ్ళు పొయ్య," అంది.

సీతాబాయి లోపలికి పోయి ఒక పట్టుచీర తెచ్చింది. "ఇగో. పెండ్లికి వాళ్ళన్న పెట్టిందే. తల్లిగారిది కాదా ఇది?"

"కట్టి ఇడిసిన చీర కప్పుతరా వదినె? కొత్తది గావాలె. వాళ్ళ చేత్తోని రావాలె."

"ఎవడన్న దుకాణంకు పోయి కొత్తది తెండ్రిరా," అన్నాడు ఐలయ్య.

"దుకాణపాయన రేఖకు అన్న అయితడా మామా?"

వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళలో చిన్న కదలిక వచ్చింది. సరోజమ్మ అనే ముసలామె, "అది నిజమే గద. మా అక్క పోతే మేం పోయేదాక ఆపలేదా," అని గొణిగింది. కట్టుబాటు మాట కాబట్టి ఐలయ్య గట్టిగా కాదనలేకపోయాడు.

అప్పుడు నితీష్ వచ్చాడు. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. కాలరు అంచున ఎర్రటి గీత కనపడుతోంది.

"ఏందత్తా, తమాషా చేస్తున్నవ్?"

"మెడ మీద ఏంది కొడుకా," అంది చంద్రమ్మ మెల్లగా. "పిల్లి గీరిందా?"

అతను అరచేత్తో చెవిమీద కొట్టాడు. ఆమె గోడకు తగిలి, గోడ పట్టుకుని కూర్చుంది. చెవిలో ఈలలాంటిది మొదలైంది. వాకిట్లో యాభైమంది ఉన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. సీతాబాయి, "పెద్దమనిషిని గట్ల కొడ్తరారా," అంది, అన్నం చల్లారిందన్నంత తేలిగ్గా. చంద్రమ్మ లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా వెనకగదిలోకి పోయి గొళ్ళెం పెట్టుకుంది.

గదికి ఆనుకుని ఉన్న బాత్రూంకు పైన చిన్న గవాక్షం. అది మేడమెట్ల వైపుకు ఉంటుంది. తలుపు బయట బతిమాలుతూ బెదిరిస్తూ రెండు గంటలు గడిపారు. అప్పుడు గవాక్షంలోంచి గుసగుస వినిపించింది.

"పెద్దమ్మా, నేను హరితను. మెట్లమీద ఉండా. గట్టిగా మాట్లాడొద్దు."

చంద్రమ్మ అక్కడున్న ఖాళీ బకెట్ బోర్లించి దానిమీదికెక్కింది. "ఏంది బిడ్డా?"

"రేఖ వాళ్ళన్న నాకు ఫోన్ చేసినాడు. విమానానికి వస్తాండాడు. వాళ్ళ మేస్త్రి టికెట్ తీసిచ్చినాడంట. ఇప్పుడే లోపల కూర్చున్నా అన్నాడు. ఇంగ ఫోన్ ఆపేస్తారు, దిగేదాకా మాట్లాడేదానికి కాదు."

"ఢిల్లీ ఒక పగలు ఒక రాత్రి గద."

"అది రైలుకి. విమానానికి రెండుంబావు గంటే. పన్నెండు వందల యాభై కిలోమీటర్లు ఉంటాది ఆకాశంలో. నేను ఆఫీసు పనిమీద పొయ్యొస్తాంటా పెద్దమ్మా, పొద్దున పొయ్యి మాపటికి ఇంటికొచ్చేసినా ఒకతూరి. మా కడపకి బస్సెక్కితేనే రాత్రంతా పడుతుంది."

"దిగినంక?"

"శంషాబాద్ నుంచి రింగురోడ్డు మీద ముప్పావుగంట. ఒంటిగంటకంతా ఇక్కడుంటాడు."

చంద్రమ్మకు నమ్మకం కుదరలేదు. ఢిల్లీ నుంచి వచ్చేలోపు ఒక్క మంచుదిమ్మ సగం కూడా కరగదన్నమాట. ఇంత దగ్గర ఉన్నవాడు ఇన్నేళ్ళూ అంత దూరం ఉన్నట్టు ఎందుకు ఉన్నాడు?

"పోలీసులకు చెప్పనా పెద్దమ్మా?" అంది హరిత.

"నువ్వు వీళ్ళింట్ల కిరాయికుంటవ్. నిన్నేం జేస్తరో. రక్తసంబంధపోడు చెప్పాలె గద కేసుకు."

"అట్లేం లేదు, ఎవురైనా చెప్పొచ్చు. కానీ నాకు భయంగా ఉండాది."

"నాగ్గూడ," అంది చంద్రమ్మ.

అంతలో మెట్లమీద చెప్పుల చప్పుడైంది. హరిత అరిచింది. ఆ అరుపు మధ్యలోనే తెగింది. నితీష్ గొంతు వినిపించింది. "ఎవలతోనే మాట్లాడుతున్నవ్? ఫోనియ్యి." ఏదో మెట్లమీద దొర్లింది. జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతున్నట్టుంది, ఆ పిల్ల, "చెప్తా, చెప్తా, ఇడ్సండి" అంటూ ఉంది. చంద్రమ్మ బకెట్ మీదినుంచి దిగి తలుపుకు చెవి ఆనించింది. వాకిట్లో నితీష్ గట్టిగా చదువుతున్నాడు. "మైసయ్య. మూడుసార్లు చేసిండు మామా. ఇమానం ఎక్కిండంట."

"ఎప్పటికొస్తడు?" అన్నాడు ఐలయ్య.

హరిత చెప్పింది. కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. ఐలయ్య లేచి నిలబడ్డాడు కాబోలు. "ఒంటిగంటకా? అరె, నేను రేపు మాపటికి అనుకుంటిని గదరా," అన్నాడు. పెద్దరికం లేకుండా, తప్పిపోయిన పిల్లవాడిలా అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "డప్పులు గట్టిగ కొట్టుమను. ఎవ్వలికి ఏం ఇనబడొద్దు. తానం వద్దు, పసుపు వద్దు. తలుపు పలగ్గొట్టి గట్లనే ఎత్తుండ్రి," అన్నాడు.

డప్పులు ఒక్కసారి లేచాయి. గోడలు అదిరాయి. చంద్రమ్మ మంచం ఈడ్చి తలుపుకు అడ్డం పెట్టి, వీపు ఆనించి కూర్చుంది. మొదటి దెబ్బకు తలుపు ఆమె వెన్నుపూసలోనే మోగింది. తర్వాత గడ్డపార మొన చెక్కలోంచి లోపలికొచ్చింది, ఆమె భుజానికి బెత్తెడు దూరంలో. మళ్ళీ వెనక్కి పోయి, ఇంకోచోట దిగింది.

"తీయే ముసల్దానా. తియ్యకపోతే నిన్నుగూడ దాని పక్కన్నే పండవెడ్త," అని అరిచాడు నితీష్.

"పండవెట్టు కొడుకా. నాకు చీర తెచ్చెటోళ్ళు గూడ ఎవలు లేరు."

పగిలిన చెక్కలోంచి ఒక చెయ్యి లోపలికి దూరి గొళ్ళెం కోసం తడుముకుంది. మూలన కుంకుడుకాయలు దంచిన పొత్రం రాయి ఉంది. చంద్రమ్మ దాన్ని రెండుచేతులా ఎత్తి ఆ వేళ్ళమీద దించింది. డప్పుల మోతలో కూడా ఆ కేక వినపడింది. ఆ చెయ్యి డ్రైవర్‌ది. వేళ్ళు వెనక్కి పోతూ చెక్కమీద ఎర్రటి చార గీసిపోయాయి.

ఇంకో నాలుగు దెబ్బలకు మించి తలుపు ఆగదని ఆమెకు అర్థమైంది. పారిపోయే దారి లేదు. ఆడమనిషి స్నానం గదిలోకి మగాడు రాకూడదన్న కట్టుబాటు ఒక్కటే మిగిలింది. ఆమె పోయి రేఖ మీది దుప్పటి తీసేసింది. ఒంటిమీద దారప్పోగు లేకుండా పిల్లను అలాగే వదిలి, పక్కన నిలబడింది.

తలుపు మంచంతో సహా లోపలికి పడింది. ముందు దూకిన ఇద్దరు డ్రైవర్లు చూసి, మొహాలు పక్కకు తిప్పుకుని, ఒకరినొకరు తొక్కుకుంటూ బయటికి పోయారు. వాళ్ళ వెనక నిలబడ్డ ఆడవాళ్ళకు దారి తెరుచుకుంది. వాళ్ళు రేఖ గొంతు చూశారు. పొట్ట చూశారు. ఎవరో వద్దు వద్దంటూ చేతులూపితే డప్పులు ఒకటొకటిగా ఆగాయి.

లోపలికి వచ్చింది నితీష్ ఒక్కడే. గడ్డపార ఎత్తాడు. చంద్రమ్మ ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు దగ్గర ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె మోకాళ్ళమీద కూలి, రేఖ మీద అడ్డంగా పడుకుంది. అతను నడుంమీద తన్నాడు, మెడమీద తన్నాడు. కిందికి వంగి జుట్టు పట్టుకుని లాగాడు. ఆమె కుడిచెయ్యి రేఖ చంకకింద దూర్చి పట్టుకుంది. లాగితే శవమూ ఆమెతోపాటే వచ్చింది. బతికున్నదాన్ని, పోయినదాన్ని ఇద్దర్నీ కలిపి చాపమీదినుంచి గడపదాకా ఈడ్చాడు.

అక్కడ సరోజమ్మ అడ్డం నిలబడి ఉంది.

"మొగోనివి, తానం గదిలకు ఎట్లొచ్చినవ్‌రా? పిల్ల మీద గుడ్డ లేదు."

"జరుగవ్వా."

"జరుగ. కొట్టు. నన్ను కొడితే నా మనుమలు నలుగురున్నరు, సూస్కో."

ఆమె వెనకనుంచి ఇంకో ఇద్దరు గదిలోకి దిగారు. తర్వాత ఐదుగురు. ఇందాక చెంపదెబ్బకు నోరెత్తనివాళ్ళే వచ్చి శవం చుట్టూ నేలమీద చతికిలబడ్డారు. ఒకామె తన కొంగు చించి రేఖమీద కప్పింది. నితీష్ మళ్ళీ గడ్డపార ఎత్తితే ఐలయ్య వచ్చి రెక్క పట్టుకున్నాడు. జాలితో కాదు. "అందరు సూస్తున్నర్రా బాడ్కావ్," అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

నితీష్ వాకిట్లో విసిరేసిన తన ఫోన్‌ను హరిత చాలాసేపటికి వెతికి పట్టుకుని, అద్దం పగిలినా అది పనిచేస్తుంటే, పోలీసులకు చెప్పిందని చంద్రమ్మకు తర్వాత తెలిసింది. అప్పుడు ఆమెకు తెలిసింది విరిగిన చేతిలో మంట, రేఖ భుజం చల్లదనం, అంతే. ఎంతసేపు అలా పడుకుందో తెలియదు. మైసయ్య ఆకాశంలో ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేరు. అడగడానికి ఫోన్ కూడా పోదు. నాగపూర్ మీదున్నాడో, ఆదిలాబాద్ అడవి మీదున్నాడో. రైలయితే ఏ స్టేషన్ దాటిందో అడుగుతూ ఉండొచ్చు. ఈ ప్రయాణంలో అదీ లేదు. రానట్టే ఉంటాడు, ఒక్కసారి వస్తాడు.

అలాగే వచ్చాడు. పనిబట్టల్లోనే, నడుముకు తాడు కట్టుకునే బెల్టుతోనే, కాళ్ళకు సిమెంటు అంటిన బూట్లతోనే గడపలో నిలబడ్డాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"చీర తేలే పెద్దమ్మా," అన్నాడు. "పొద్దున్నే ఏ దుకాణం తీసిలేదు."

"చీర తర్వాత కొడుకా. ముందు సూడు." చంద్రమ్మ లేవలేక, పడుకునే కొంగు జరిపింది. ఇన్నేళ్ళు మూసిన నోరు తెరిచి, వాకిలి అవతలిదాకా వినపడేలా చెప్పింది. "జారలే నీ చెల్లె. తల పగల్లే. గొంతు పిసికిండు, ఇగో వేళ్ళు. కడుపుల తన్నిండు, ఇగో మడిమె. పక్క బొక్కలు ఇరిగినయి. గోర్లల్ల వాని తోలు ఉన్నది, నేను నీళ్ళు పొయ్యలే. వాని అంగీ ఇప్పి సూడుండ్రి."

మైసయ్య వంగి చూశాడు. చెల్లెలి చెయ్యి ఎత్తి గోళ్ళు చూశాడు. చెయ్యి మెల్లగా దించి, బయటికి నడిచాడు. వాకిట్లో పాడెకు కోసి పెట్టిన వెదురుబొంగులున్నాయి. ఒకటి అందుకుని, పారిపోతున్న నితీష్‌ను ట్యాంకర్ పక్కన పట్టుకున్నాడు. మొదటి దెబ్బకు మోకాలు పోయింది. రెండోదానికి నితీష్ ట్యాంకర్ చక్రాలకిందికి పాకాడు. మైసయ్య కాలు పట్టి బయటికి లాగాడు. బొంగు చీలిపోయేదాకా కొట్టాడు, చీలినదానితో మళ్ళీ కొట్టాడు. ఒక్క మాట అనలేదు, తిట్టలేదు. అద్దం బిగించేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటాడో అంత జాగ్రత్తగా, చూసి చూసి, నొప్పి ఎక్కువుండే చోటే కొట్టాడు. పోలీసులు వచ్చి నలుగురు కలిసి పట్టుకుంటే ఆగాడు. నితీష్ చొక్కా అప్పటికే పీలికలైంది. మెడనుంచి ఛాతీదాకా గోళ్ళ గీతలు అందరికీ కనపడ్డాయి.

రేఖను సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. నితీష్‌నూ అక్కడికే, పోలీసు కాపలాతో. మైసయ్యను ఆ రాత్రికి ఠాణాలో కూర్చోబెట్టి, చెల్లెలి అంత్యక్రియలకని మర్నాడు వదిలారు. అతనిమీదా కేసు రాశారు.

కోసి కుట్టిన శవాన్ని మర్నాడు మధ్యాహ్నం ఇచ్చారు. చంద్రమ్మ కట్టు కట్టిన చేత్తోనే వచ్చింది. కొండాపూర్ ఆడవాళ్ళను, ఐలయ్య మాటకు భయపడి, ఇంటి మగవాళ్ళు గడప దాటనివ్వలేదు. సరోజమ్మను మనుమలే గదిలో పెట్టి గడియ వేశారట. హరిత ఠాణాలో సాక్ష్యం చెబుతోంది. శవాలగది వెనక ఒక నీళ్ళతొట్టి, రేకుల చాటు. అక్కడ రేఖ, చంద్రమ్మ, బయట మైసయ్య. అతను కొత్తచీర కొని తెచ్చి పట్టుకుని నిలబడ్డాడు.

చంద్రమ్మ ఒంటిచేత్తో చెంబు ముంచితే రుద్దడానికి చెయ్యి లేదు. రుద్దితే పోయడానికి లేదు. రెండుసార్లు చూసి, మూడోసారి పిలిచింది.

"లోపలికి రా కొడుకా."

"నేనా? మొగోళ్ళు రావద్దు గద పెద్దమ్మా."

"రావద్దు. నాకు చెయ్యి లేదు. మొకం అటు తిప్పుకొని, నేను చెప్పినకాడ పోయ్."

అతను లోపలికొచ్చి రేకువైపు తిరిగి నిలబడి, చెయ్యి వెనక్కి చాచి పోశాడు. మొదట నీళ్ళు నేలమీద పడ్డాయి. ఆమె అతని మణికట్టు పట్టి సరిచేసింది. కుట్లమీదినుంచి ఎర్రగా జారి, తూములోకి పోయాయి.

"పోయిన్నెల ఫోన్ చేసింది," అన్నాడు మైసయ్య రేకుతో మాట్లాడుతున్నట్టు. "ఒక్కసారి వచ్చిపో అన్నా అని అడిగింది. ఢిల్లీ దూరం గద చెల్లె, దసరాకు వస్త అని చెప్పిన. చెల్లెగూడ దూరమే అనుకున్నది, నేనుగూడ దూరమే అనుకున్న. నిన్న నేను సీట్ల కూసున్న, నీళ్ళిచ్చిండ్రు, తాగిన, కిందికి సూసిన, దిగుమన్నరు. గంతే పెద్దమ్మా. గంతే తొవ్వ."

చంద్రమ్మ కుడిచేత్తో పిల్ల గొంతుమీద పసుపు రాయకుండా, ఉత్త నీళ్ళతో తుడిచింది. మచ్చలు అలాగే ఉన్నాయి.

"చాలా పెద్దమ్మా?"

"తల మిగిలింది. పోయ్," అంది. "మెల్లగ పోయ్. కండ్లల్ల పడొద్దు."